పలకరంగు

సెర్వా ఆ మాట అనడం పొద్దుటినుంచి అది మూడోసారి. మాన్సా మాత్రం అరటికాయల చెక్కు తీయడం ఆపలేదు.

"ఒక్క మాట మీ డిపో ఆఫీసరు చెవిన వేస్తే నీ నోటి ముత్యాలేం రాలిపోవు. మా అన్న బస్తాలండీ, యంత్రంతో కాదు, కాస్త చేత్తో చూడండీ అని. అంతేగా నేనడిగేది?"

ఈ తగువు నిన్న సాయంత్రం మూడు చక్రాల ట్రాలీ మీదనుంచి ఆరు కోకో బస్తాలు మాన్సా ఇంటి వరండాలోకి దిగినప్పుడు మొదలైంది. అన్నాలప్పుడు కాసేపు ఆగింది, పడుకున్నప్పుడు ఆగింది, పొద్దున్నే పొయ్యి వెలిగించగానే మళ్ళీ రాజుకుంది. మాన్సా అన్న బెదియాకో పెరట్లో పొట్టి పీట మీద కూచుని పళ్ళపుల్ల నములుతున్నాడు. భార్య మాటలు వింటున్నాడో లేదో తెలియనట్టుగా ప్రహరీ వైపు చూస్తున్నాడు. హర్మటాన్ ఎడారిగాలి దుమ్ము కమ్మి ప్రహరీ అవతలి కొండ కనిపించడం లేదు.

ఆ ఆరు బస్తాలూ ఇప్పటికి రెండుసార్లు సర్కారు కోకో డిపోకి వెళ్ళి రెండుసార్లూ తిరిగొచ్చాయి. రెండుసార్లూ గింజలు చూసే యంత్రం ఎర్రదీపమే వెలిగించింది. రెండుసార్లూ వాటిని తోట ఉన్న ఎన్సువాసో దాకా మోసుకుపోయి, చాపల మీద పరిచి, మళ్ళీ ఎండబెట్టి తెచ్చారు. ఇవాళ్టిది మూడోసారి, నాలుగోసారి మాత్రం ఉండదు. బెదియాకో తోటకి అటూ ఇటూ ఉన్న తోటలు బంగారం తవ్వేవాళ్ళ చేతికి పోయాయి. మధ్యలో ఇతనిదొక్కటే మిగిలింది. శుక్రవారం దాకా నీ మాటకోసం చూస్తామని వాళ్ళు చెప్పి వెళ్ళారు. ఇవాళ శుక్రవారం.

"అన్న బస్తాల దగ్గర నేనెప్పుడూ కూచోలేదు వదినా. ఇవాళా కూచోను" అంది మాన్సా.

"కూచోకు. నిలబడే చెప్పు."

లోపల మోటారుసైకిలు గొలుసుకు నూనె వేస్తున్న న్యార్కో ఫక్కున నవ్వాడు. తల్లి చూపు తగలగానే తల దించుకున్నాడు. అతను మాన్సాకి మిగిలిన ఒక్క కొడుకు. టౌన్లో మనుషుల్ని బండి వెనక ఎక్కించుకుని తిప్పుతాడు. మేనమామ తర్వాత ఎన్సువాసో తోట అతనిదే. ఈ వైపు మనుషుల్లో నేల తండ్రినుంచి కొడుక్కి రాదు, మేనమామనుంచి మేనల్లుడికి వస్తుంది. అందుకే సెర్వా పట్టుదల చూసి మాన్సాకి లోలోపల ఆశ్చర్యంగానే ఉండేది. ఆ తోట నిలిచినా పోయినా సెర్వా పిల్లలకి ఒక్క చెట్టు రాదు. అయినా ముప్పయ్యయిదేళ్ళుగా ఆ చెట్లకింద వంగి ఆకులూడ్చిన మనిషి ఆమె.

సెర్వా కళ్ళు గోడకున్న మేకు మీదికి వెళ్ళాయి. అక్కడ మాన్సా శుక్రవారం గౌను వేలాడుతోంది. నిరుడు యంత్రం వచ్చినప్పుడు డిపోలో అందరికీ ఆరేసి గజాల గుడ్డ పంచారు. పసుపుపచ్చ కోకో కాయలు, వాటి మధ్య తీగల్లా మెలికలు తిరిగిన నీలం వైర్లు, అంచున 'తెలివైన యంత్రం, ఎదిగే దేశం' అని అచ్చు. శుక్రవారం అందరూ అదే వేసుకోవాలి.

"ఆ గౌను మీది కాయలకైనా పచ్చదీపం వెలుగుతుందా?" అంది సెర్వా.

బెదియాకో పళ్ళపుల్ల ఉమ్మేశాడు. "చాల్లేవే. దాని పని దాన్ని చేసుకోనీ" అన్నాడు. ఆ ఇంట్లో అతనా మాట అంటే తగువు ముగిసినట్టే. గెలిచిందెవరో మాత్రం తేలలేదు.

మాన్సా ఉడికిన అరటిముక్కలు రెండు ఉప్పు లేకుండా తిని, గోరువెచ్చటి నీళ్ళతో నోరు పుక్కిలించింది. సాయంత్రం దాకా తీపిగానీ ఉల్లిపాయగానీ ముట్టదు. గింజ కొరికి చెప్పే మనిషి నోరు శుభ్రంగా ఉండాలి. పెళ్ళయిన కొత్తలో మొగుడు, నాకు పెళ్ళాం దొరికింది గానీ దాని నాలుక సర్కారువాళ్ళు పట్టుకుపోయారని అందరితో చెప్పి నవ్వించేవాడు. తర్వాత అతను కుమాసీలో ఇంకో ఇల్లు పెట్టుకుని అక్కడే ఉండిపోయాడు. నిరుడు యంత్రం వచ్చాక డిపోకి మాన్సా నాలుకతో పని లేకపోయింది. అలవాటు మాత్రం పోలేదు.

గౌను తొడుక్కుని, తలకి గుడ్డ చుట్టుకుని బయల్దేరింది. పొట్టి మనిషి, యాభైమూడేళ్ళు. కుడిచేతి బొటనవేలి మొదట్లో గింజ కోసే కత్తి ఆనించీ ఆనించీ కాయకాచిన చర్మం. గోళ్ళ చుట్టూ గోధుమరంగు మరక. చిన్నకొడుకు అంత్యక్రియల నాడు సబ్బుతో, నిమ్మచెక్కతో, ఇసుకతో తోమినా ఆ మరక పోలేదు. తెల్లగుడ్డల్లో ఆ చేతులు కొంగు చాటున దాచుకుని నిలబడింది.

డిపోలో ఆమె చేరింది బస్తాల మూతులు కుట్టే పనికి. పాత ఇన్‌స్పెక్టరు ఒకాయన ఈమె కళ్ళు చూసి పక్కన కూచోబెట్టుకున్నాడు. ప్రతి సరుకులోనుంచీ మూడువందల గింజలు తీసి నిలువునా కోయడం నేర్పాడు. కోసిన ముఖం గోధుమరంగులో పగుళ్ళు వారి ఉంటే బాగా మాగిన గింజ. బూజు పట్టిందీ పురుగు తిన్నదీ ఎవరికైనా తెలుస్తుంది. మాగకుండానే ఎండిపోయిన గింజ పలకరంగులో, నున్నగా ఉంటుంది. కష్టమంతా చెల్లే ఊదారంగుకీ చెల్లని పలకరంగుకీ నడుమ ఊగే గింజలతోనే. వాటిని పక్కన చిన్న పళ్ళెంలో వేసేవాళ్ళు. అన్నీ అయ్యాక ఒక్కొక్కటే కొరికి చూసి తేల్చేవాళ్ళు. మాగని గింజ నాలుకని పట్టి పీకుతుంది. మాగినది ముందు పుల్లగా, తర్వాత చేదుగా ఉండి, చివర నోరంతా వెచ్చబడుతుంది.

పాత ఇన్‌స్పెక్టరు నేర్పిన రెండో సంగతి, సొంతవాళ్ళ బస్తా వస్తే కత్తి పక్కవాళ్ళ చేతికిచ్చి గదిలోనుంచి బయటికి పోవడం. ఇరవయ్యేడేళ్ళలో ఎన్సువాసో సరుకు వచ్చిన ప్రతిసారీ మాన్సా బయటికి వెళ్ళి రేకుల నీడన నిలబడింది. ఒకసారి జోరువానలోనూ నిలబడింది. ఊళ్ళో కొందరు ఆమెది పొగరన్నారు. ఆమె ముఖం చూసి పాస్ చేశారని మాత్రం ఎవరూ అనలేదు.

యంత్రం రావడానికి ముందు మూడు నెలలు నలుగురు గ్రేడర్లని ఒక చల్లటి గదిలో తెరల ముందు కూచోబెట్టారు. కోసిన గింజల ఫొటోలు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. మంచిది, బూజు, పురుగు, పలక అని పేర్లున్న నాలుగు గడుల్లో ఏదో ఒకటి నొక్కాలి. మాన్సా నంబరు నాలుగు. మీ కళ్ళు యంత్రానికి పెడుతున్నాం, ఇక ఒక్క చెడ్డ గింజ కూడా ఓడెక్కదు, దేశం ఆదాయం ఎక్కడికో పోతుంది అని రాజధానినుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు చెప్పాడు. మంత్రిగారొచ్చినప్పుడు అదే మాట మైకులో చెప్పారు. డప్పులు కొట్టారు. మాన్సా కూడా చప్పట్లు కొట్టింది. తన కళ్ళు దేశానికి పనికొస్తున్నాయంటే గర్వంగానే అనిపించింది.

ఇవాళ డిపోలో ఆమె పని మూడువందల గింజలు కోసి, గుంటలున్న చెక్కలో పేర్చి, యంత్రం పెట్టెలోకి తోసి, మూత వేసి మీట నొక్కడం. పది అంకెలు లెక్కపెట్టేలోగా దీపం వెలుగుతుంది. పచ్చదీపానికి పొడుగ్గా ఒక కూత, ఎర్రదానికి పొట్టిగా రెండు.

పదిన్నరకి బెదియాకో బస్తాలు తూకం దాటి లోపలికొచ్చాయి. మాన్సా లేచి కత్తి పక్కబల్ల మనిషి చేతికిచ్చి బయటికి నడిచింది. రేకుల నీడన సెర్వా తలగుడ్డ బిగించుకుంటోంది. బెదియాకో నేల వైపు చూస్తున్నాడు. కాసేపటికి లోపలినుంచి పొట్టిగా రెండు కూతలు వినిపించాయి.

బెదియాకో జేబులోంచి రుమాలు తీసి, ముఖం తుడుచుకోకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

మాన్సా లోపలికి వెళ్ళింది. సొంతవాళ్ళ చెక్క బల్ల మీద ఉండగా ఆ గదిలోకి వెళ్ళడం ఆమెకది మొదటిసారి. అన్న గింజలు చిన్నవి. ముత్తవ్వల నాటి చెట్లవి. కోస్తే లేత ఊదా మీద బూడిద చల్లినట్టుంటాయి, వంద గింజల్లో ఉన్నా గుర్తుపడుతుంది. ఒక బద్ద తీసి కొరికింది. పులుపు, చేదు, ఆ తర్వాత ఆ వెచ్చదనం. ఇంకో బద్ద, ఇంకొకటి కొరికింది. అరటాకుల కింద ఆరు రోజులు చక్కగా మాగిన గింజలు.

ఆఫీసరు ఓదూరో ఆమెని చూసి దగ్గరికొచ్చాడు. చెడ్డవాడు కాదు, ఆమెని ఆంటీ అని పిలుస్తాడు. యంత్రం ఎందుకు వద్దందో తెర మీద చూపిస్తుందని ఆమెకి తెలుసు, ఎప్పుడూ చూడలేదు. చూపించమంది. అతను మీట నొక్కాడు. ఒక పక్క అన్న గింజ. రెండో పక్క, ఏ గింజని చూసి యంత్రం నేర్చుకుందో ఆ పాత ఫొటో. దాని కింద 'పలక' అని ఉంది. ఆ పక్కన అంకె, నాలుగు.

అతను ఇంకోటి నొక్కాడు. మళ్ళీ నాలుగు. తర్వాతదీ నాలుగే.

మాన్సా గోడకానుకుని నిలబడింది. ఆ చల్లటి గది గుర్తొచ్చింది. ఫొటోల మీద ఊరి పేరుండేది కాదు. కానీ ఆ బూడిదరంగు గింజలు తెర మీదికి రాగానే ఆమె చెయ్యి ఆగేది. ఇవి మావాళ్ళవి అని తెలిసిపోయేది. కొరికి చూడ్డానికి నోటికి అందవు. పక్కన పెట్టడానికి పళ్ళెం లేదు. కత్తి అందించడానికి పక్కన మనిషి లేడు, అడిగితే ఎవరి ఫొటోలు వాళ్ళే చూడాలన్నారు. మంచిదని నొక్కితే రేపెవరైనా మాన్సా తన ఊరి గింజలకి తలుపు తీసిందంటారు. అందుకని అలాంటివి వచ్చినప్పుడల్లా పలక అని నొక్కింది. నొక్కి, న్యాయమే చేశాననుకుంది. మూడు నెలలూ అదే చేసింది.

"ఆ గుర్తులు నేను పెట్టినవి సార్. తప్పు పెట్టాను" అంది.

ఓదూరో తలుపు వైపొకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఈ బస్తాలెవరివి ఆంటీ?"

"మా అన్నవి."

అతను కుర్చీలో కూచున్నాడు. కళ్ళజోడు తీసి గౌనుగుడ్డతోనే కుట్టించుకున్న చొక్కా అంచుకి తుడుచుకున్నాడు. "ఇప్పుడు నన్నేం రాయమంటావు? అన్న సరుక్కి ఎర్రదీపం పడ్డాక చెల్లెలికి పాత తప్పు గుర్తొచ్చిందని రాయనా? చదివేవాళ్ళేమనుకుంటారు, నువ్వే చెప్పు."

ఏ మాట తన మీద పడకూడదని వానలో నిలబడిందో ఆ మాటే అది.

ఆ గుర్తులు మార్చడానికి వీలుందా అని అడిగింది. వీల్లేదన్నాడు. అన్ని డిపోల ఫొటోలూ రాజధానిలో కలిపేశారనీ, ముద్ద చేసిన పిండిలోంచి ఒకరి గుప్పెడు వెనక్కి తీయలేమనీ చెప్పాడు. కావాలంటే ఉత్తరం రాస్తానన్నాడు. పై సీజనుకి మళ్ళీ నేర్పిస్తే నేర్పిస్తారు, లేకపోతే లేదు. యంత్రం వచ్చాక ఓడరేవులో ఒక్క సరుకూ వెనక్కి రాలేదని పేపర్లో వేశారు, ఇప్పుడు దాన్ని తప్పు పట్టే మనిషిని ఎవరు వింటారని తనలో తనే అనుకున్నట్టుగా అన్నాడు.

ఆమె బయటికొచ్చేసరికి రేకుల కింద అన్నా వదినా లేరు. బస్తాలు మాత్రం గోడవారన ఉన్నాయి.

మాన్సా తిరిగి బల్ల దగ్గర కూచుంది. నాలుగింటిదాకా కోసింది, పేర్చింది, మీట నొక్కింది. ఎన్సువాసో వైపునుంచి మరో మూడు సరుకులొచ్చాయి. సొంతవాళ్ళవి కాదు గనక ఆమె లేవక్కర్లేదు. మూడింటికీ రెండేసి కూతలే. అందులో ఒకావిడ ముసలిది, కర్ర ఊతంతో వచ్చింది. బల్ల అంచు పట్టుకుని వంగి, లోపమెక్కడుందమ్మా, చెప్తే దిద్దుకుంటాను అంది. ఎర్రదీపం పడ్డవాళ్ళకి ఒకటే మాట చెప్పాలని డిపోలో నియమం.

"ఇంకొంచెం ఎండబెట్టి తీసుకురా పెద్దమ్మా" అంది మాన్సా.

ముసలావిడ తలూపి, దణ్ణం పెట్టి, కర్ర తడుముకుంటూ వెళ్ళింది. ఎంత ఎండబెట్టినా ఆ గింజ రంగు మారదు. మాన్సా తర్వాతి చెక్క ముందుకి లాక్కుంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పెరట్లో రాత్రి తిండికి ఫుఫు ముద్ద దంచుతున్న చప్పుడు. న్యార్కో రోకలి వేస్తున్నాడు, సెర్వా రోట్లో ముద్ద తిప్పుతోంది. పామ్ కాయల పులుసు మూత కింద కుతకుతలాడుతోంది. బెదియాకో బట్టలు మార్చుకుని ఉన్నాడు. బస్తాలేం చేశావని అడిగితే, ట్రాలీవాడికే వదిలేశానన్నాడు. అతనికి మేకలున్నాయట, గింజలు తినకపోయినా గోనెసంచులు పనికొస్తాయట.

నలుగురూ చేతులు కడుక్కుని పళ్ళేల చుట్టూ కూచున్నారు. మాన్సా ముద్ద తీసుకుంది గానీ పులుసులో ముంచలేదు.

"అన్నా, ఆ యంత్రానికి మన గింజ పలకరంగుదని నేర్పింది నేనే" అంది. ఫొటోల సంగతి, నాలుగో నంబరు సంగతి, కత్తి చేతికివ్వడానికి పక్కన మనిషి లేకపోవడం, అన్నీ వరసగా చెప్పింది. చెప్తున్నంతసేపూ సెర్వా వైపు చూడలేదు.

సెర్వా నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. చేత్తో కళ్ళు ఒత్తుకుంది, పులుసు కారం తగిలినట్టుంది, లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చింది.

బెదియాకో పళ్ళెంలోదంతా తిని, వేళ్ళు నాకి, గిన్నెలో చెయ్యి కడిగాడు.

"చిన్నప్పుడు అమ్మ నిన్ను కందగడ్డ పంచమనేది, గుర్తుందా? అందరికీ పెట్టి, నాకు మాత్రం చిన్న ముక్క పెట్టేదానివి. ఎందుకే అంటే, నువ్వు నా అన్నవి గదా అనేదానివి." కొంచెం నవ్వాడు. "నేనేడ్చేవాణ్ణి కాదు. ఇప్పుడేడుస్తానా?"

తిట్టి ఉంటే మాన్సా తట్టుకునేది.

అతను పక్కనున్న సంచిలోంచి ఆకుపచ్చ జిన్ సీసా, చిన్న గాజు గ్లాసు తీసి చాప మధ్యన పెట్టాడు. సీసా మూత ఇంకా విప్పలేదు. అది ఎవరిచ్చారో ఎవరూ అడగలేదు. ఇంట్లో పెద్ద ఆడమనిషి గుక్క తాగందే కుటుంబం నేల చెయ్యి మారదు. తల్లి పోయాక, పెద్దమ్మ పోయాక, ఆ కుటుంబంలో పెద్ద ఆడమనిషి మాన్సాయే.

"మధ్యాహ్నం వాళ్ళని కలిశాను" అన్నాడు బెదియాకో, రేపు వాన రావచ్చన్నంత మామూలుగా. "తోట ఇచ్చేస్తున్నాను. సోమవారం మిషన్లు దిగుతాయి. మేమిద్దరం సెర్వావాళ్ళ ఊరెళ్ళి ఉంటాం. తవ్వకాలకి తోట పక్క వాగు నీళ్ళిప్పటికే ఎర్రబడ్డాయి, ఇక అక్కడుండి చేసేది లేదు." తర్వాత న్యార్కో వైపు తిరిగాడు. "అల్లుడూ, ఆ నేల నీకు రావలసింది. నన్నేమన్నా అడగాలంటే ఇవాళే అడుగు. నేను పోయాక నా సమాధి దగ్గరికొచ్చి అడగొద్దు."

న్యార్కో తల్లి ముఖం చూశాడు. తల్లి సీసా వైపు చూస్తోంది.

"అడగను మామయ్యా" అన్నాడు.

బెదియాకో మూత విప్పి, ముందు పెద్దల పేర్లు చెబుతూ మూడు చుక్కలు నేలమీద వదిలాడు. గ్లాసు నింపి రెండు చేతులతో చెల్లెలికి అందించాడు. వద్దనడానికి ఆమెకి హక్కుంది. వద్దని, ఆ తర్వాత ఏం చెయ్యమనాలో మాత్రం ఆమెకి తెలీదు. గ్లాసు పెదాలకి ఆనించింది. రోజంతా శుభ్రంగా ఉంచుకున్న నోట్లోకి ఆ మంట దిగింది. ఒక గుక్క తాగి, గ్లాసు చాపమీద పెట్టింది.

సెర్వావాళ్ళ ఊరికి ఆఖరి వ్యాను ఆరున్నరకి. న్యార్కో అత్తనీ సంచులనీ బండి మీద స్టాండు దాకా దింపి, మళ్ళీ మామయ్య కోసం వచ్చాడు. బెదియాకో కొత్త రబ్బరు చెప్పులు తొడుక్కుని, గుమ్మంలో చెల్లెలి భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, బండెక్కి కూచున్నాడు. వీధి మలుపులో దుమ్ము ఆ ఇద్దర్నీ కప్పేసింది.

పళ్ళేలు తీయడానికి పెరట్లోకి వెళ్ళిన మాన్సాకి నీళ్ళతొట్టి పక్కన అన్న తోటలో వేసుకునే నల్లటి బూట్లు కనిపించాయి. మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు. మరిచిపోయాడనుకుని గబుక్కున చేతిలోకి తీసుకుంది, గేటు దాకా నాలుగడుగులు వేసింది. అప్పుడు చూసింది, అవి తడిగా ఉన్నాయి. ఎన్నేళ్ళనుంచి తొడిగినా ఎన్నడూ కడగనివాడు ఇవాళ వాటిని శుభ్రంగా కడిగి, లోపల పాత కాగితాలు కుక్కి, జతగా గోడవైపు తిప్పి పెట్టి వెళ్ళాడు.

మాన్సా వాటిని తీసిన చోటే మళ్ళీ పెట్టింది. ఎంత కడిగినా ఎడమ బూటు అడుగున, మడమ దగ్గరి గాడిలో, ఎన్సువాసో ఎర్రమట్టి కొంచెం అంటుకునే ఉంది.